ఆ 104 సిఫార్సులు ఏమయ్యాయి?

ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు గారికి విజయవాడ నుంచి ఒక బహిరంగ లేఖ



2025 నవంబరు 18న కానూరు కొత్త ఆటోనగర్ పేరు దేశంలోని టీవీ చానళ్లన్నిటిలో మోగింది. లారీల రిపేరు షెడ్లు, స్పేర్ పార్టుల కొట్లు, వెల్డింగ్ మెరుపులు తప్ప మరో విశేషం లేని పేట అది. అక్కడొక భవనంలో కూలిపని చేసుకునేవాళ్లమని చెప్పి దిగినవారిని పోలీసులు చుట్టుముట్టి పట్టుకున్నారు. వారిలో ఎక్కువమంది ఛత్తీస్‌గఢ్ ఆదివాసీలు. విజయవాడ, కృష్ణా, ఏలూరు, కాకినాడ, కోనసీమ ప్రాంతాల్లో కలిపి 50 మంది మావోయిస్టులను అరెస్టు చేశామని పోలీసులు ప్రకటించారు. అదే రోజు తెల్లవారకముందే మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు మాడవి హిడ్మా, ఆయన భార్య, మరో నలుగురు కాల్పుల్లో చనిపోయారు. మర్నాడు మరో ఏడుగురు.

ఆ వారమంతా బెజవాడలో టీ కొట్ల దగ్గర వినపడిన మాట ఒక్కటే: ‘ఇక అయిపోయినట్టే’.

ఏది అయిపోయింది, ఏది మిగిలింది అన్న లెక్క కోసమే ఈ లేఖ. దీన్ని మీకు రాయడానికి కారణం ఉంది. ఈ వ్యవహారాన్ని మీ అంత దగ్గర నుంచి చూసిన ముఖ్యమంత్రి దేశంలో ఇంకొకరు లేరు. 2002లో పీపుల్స్‌వార్‌తో మాటలకు తలుపు తెరిచింది మీ ప్రభుత్వమే. 2003 అక్టోబరు 1న అలిపిరి ఘాట్ రోడ్డులో మందుపాతర్ల నుంచి ప్రాణాలతో బయటపడిందీ మీరే. మధ్యలో ప్రభుత్వాలు మారి, రాష్ట్రం రెండుగా విడిపోయి, రాజధాని కృష్ణ ఒడ్డుకు వచ్చాక ఈ అధ్యాయం ముగింపు మీ హయాంలోనే నడుస్తోంది. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టు ఉద్యమాన్ని లేకుండా చేస్తామని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టారు. తుపాకులకు గడువు పెట్టినవారు భూమికి, పట్టాలకు, పునరావాసానికి ఏ గడువూ పెట్టలేదు. ఆ పని రాష్ట్రాలది, అంటే మీది.

ఆయుధం దించాక ఏం మిగులుతుందన్న ప్రశ్న కృష్ణా డెల్టాకు కొత్తది కాదు. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ విరమించినప్పుడు ఆ పోరాటానికి వెన్నుదన్నుగా నిలిచిన నాయకత్వంలో సగం ఈ గడ్డదే. చండ్ర రాజేశ్వరరావుది కృష్ణా జిల్లా మంగళాపురం. పార్టీ పత్రికలకు, అచ్చాఫీసులకు బెజవాడే ఇల్లు. ఇక్కడి పల్లెలు చవిచూసిన నిర్బంధం గురించి కాటూరు, యలమర్రు పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతారు. ఆ విరమణకు లిఖిత ఒప్పందమేమీ లేదు. ఉరిశిక్షలు పడిన 12 మందిని బతికించుకోవడానికి దేశదేశాల్లో ఆందోళన చేయాల్సి వచ్చింది, చివరికి అవి యావజ్జీవాలుగా మారాయి. పోరాటంలో పంచుకున్న భూమి ఏ ఊళ్లో ఎవరి చేతిలో మిగిలిందన్నది ఆ ఊరి బలాబలాలను బట్టి తేలింది.

పీపుల్స్‌వార్ పుట్టుకలోనూ డెల్టా మట్టి ఉంది. 1980 ఏప్రిల్ 22న ఆ పార్టీని స్థాపించిన కొండపల్లి సీతారామయ్య గుడివాడ దగ్గరి జొన్నపాడులో పెరిగినవారు. తాను పెట్టిన పార్టీకే దూరమై, 2002 ఏప్రిల్ 12న విజయవాడలో కన్నుమూశారు. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే మీ మంత్రులు, పార్టీ ప్రతినిధులుగా వచ్చిన వరవరరావు, గద్దర్‌లతో హైదరాబాదులో కూర్చున్నారు. అసలు చర్చలకు ముందు మాటల దగ్గరే ఆ ప్రయత్నం ఆగిపోయింది. సీతారామయ్య భార్య, పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఈ చరిత్రనంతా ఒంటి మీద మోసి ‘నిర్జన వారధి’ పేరుతో ఆత్మకథ రాసుకున్నారు. నూరేళ్లు నిండాక 2018లో వెళ్లిపోయారు. ఉద్యమం వైపు నుంచైనా, పోలీసుల వైపు నుంచైనా ఇంట్లో మిగిలిపోయిన ఆడవాళ్ల బతుకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునే అధికారికి ఇంటెలిజెన్స్ నివేదికల కన్నా ఆ పుస్తకం ఎక్కువ చెబుతుంది.

ఇక 2004. ప్రతిపక్షంలో ఉన్నా మీరు దగ్గర నుంచి గమనించిన సంగతే.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ వేసవిలో అధికారంలోకి రాగానే కాల్పులు ఆగాయి. జులైలో నిషేధం గడువు తీరిపోతే పొడిగించలేదు. అక్టోబరులో నల్లమల దిగి వచ్చిన నాయకులు పల్నాడులోని గుత్తికొండ బిలం దగ్గర జనానికి కనిపించారు. 1969లో చారు మజుందార్ వచ్చి వెళ్లిన చోటు అది. వచ్చినవారిలో ముఖ్యుడు రామకృష్ణ, అసలు పేరు అక్కిరాజు హరగోపాల్, ఆ పల్నాడు బిడ్డే. చర్చల ముందురోజు, అక్టోబరు 14న, పీపుల్స్‌వార్ మరో పార్టీతో కలిసి సీపీఐ (మావోయిస్టు)గా మారిన సంగతిని హైదరాబాదులోనే ప్రకటించారు. 15 నుంచి 18 వరకు జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో నాలుగు రోజులు చర్చలు. ప్రభుత్వం తరఫున హోంమంత్రి జానారెడ్డి, ఎదుట రామకృష్ణ, సుధాకర్, గణేష్, జనశక్తి పార్టీ నుంచి అమర్, రియాజ్. మధ్యవర్తులుగా ఎస్.ఆర్. శంకరన్, కె.జి. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు వంటివారు.

శంకరన్ గారి గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకుపోయిన ఐఏఎస్ అధికారుల్లో ఆయనా ఒకరు. తనను బందీ చేసినవారితోనే పదేళ్ల తర్వాత పౌర స్పందన వేదిక పెట్టి ఓపికగా ఉత్తరాలు నడిపారు. ఇటు ప్రభుత్వాన్నీ అటు పార్టీనీ ఒకే ప్రమాణంతో తప్పుపట్టారు. అలాంటి మనిషి అప్పుడున్నారు కాబట్టే ఆ బల్ల దగ్గర కుర్చీలు పడ్డాయి.

అయితే చర్చల గదిలో జరిగినదాని కన్నా మంజీరా అతిథి గృహం దగ్గర జరిగింది ఎక్కువ గుర్తు పెట్టుకోదగ్గది. అడవి నుంచి వచ్చిన నాయకులకు ప్రభుత్వం అక్కడ బస ఇచ్చింది. తెల్లారేసరికి ఆ గేటు ముందు జనం. చేతుల్లో అర్జీలు. మా భూమి ఫలానావాళ్లు ఆక్రమించారని, పట్టా ఉన్నా స్వాధీనం లేదని, కొడుకు జైల్లో ఉన్నాడని. ప్రభుత్వంలో ఏ కుర్చీ లేనివారికి, ఏ కాగితం మీదా సంతకం పెట్టే అధికారం లేనివారికి, రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చి అర్జీలు ఇచ్చారు! అక్కడికి కొద్ది దూరంలోనే సచివాలయం ఉంది. జనం అటు పోకుండా ఇటెందుకు వచ్చారన్నదే ఆ నాలుగు రోజుల్లో తేలాల్సిన అసలు విషయం. ఆ సంగతి బల్లకు అటువైపువారి కన్నా ఇటువైపువారే ఎక్కువ ఆలోచించాల్సింది.

చర్చల్లో కాల్పుల విరమణ నియమావళి మీద మొదట మాట్లాడారు. ముసాయిదా చేతులు మారింది గాని సంతకాలు పడలేదు. ఆయుధాలతో ఊళ్లలోకి రాకూడదని ప్రభుత్వం, ఆయుధం మా రాజకీయంలో భాగమని మావోయిస్టులు. ఈ ఒక్క ముడి దగ్గరే అంతా చిక్కుకుంది. విరమణ కాలంలో పోలీసులు దళాల ఆనుపానులు రాసుకున్నారు, పార్టీ ఊళ్లలో సభలు పెట్టి కొత్తవారిని చేర్చుకుంది. ఎవరి పని వారు చేసుకున్నారు. 2005 జనవరిలో మళ్లీ ఎదురుకాల్పులు, ఆ నెల మధ్యలో మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకోవడం, మార్చిలో చిలకలూరిపేట పోలీసు స్టేషన్ మీద దాడి, జులై 1న రియాజ్ ఎన్‌కౌంటర్. చర్చల బల్ల దగ్గర కూర్చున్న మనిషే తొమ్మిది నెలలు తిరక్కుండా శవమయ్యాడు. ఆగస్టు 15న నారాయణపేటలో జెండా పండుగ రోజే ఎమ్మెల్యే నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకు నిషేధం మళ్లీ వచ్చింది. ఈ పతనంలో తప్పు ఒక్క పక్షానిదే అని రాసేవారు ఆ పది నెలల పేపర్లు తిరగేయలేదని అర్థం.

ఆయుధాల ముడి విప్పలేనిది కాదు. ఆ చర్చలకు రెండేళ్ల తర్వాత, 2006 నవంబరు 21న, నేపాల్‌లో ప్రభుత్వానికీ మావోయిస్టులకూ సమగ్ర శాంతి ఒప్పందం కుదిరింది. అక్కడ తుపాకులను ఎవరికీ అప్పగించలేదు. శిబిరాల్లో ఇనుప కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మావోయిస్టుల దగ్గరే ఉంది, కాపలా, కెమెరాలు మాత్రం ఐక్యరాజ్యసమితివి. నేపాల్ సైన్యం కూడా అన్నే ఆయుధాలను అలాగే పెట్టింది. పరువు పోలేదు, తుపాకీ ఊళ్లోకీ రాలేదు. 19,602 మంది మావోయిస్టు సైనికులను సమితి నమోదు చేసింది. చివరికి 2012లో వారిలో సుమారు 1,400 మంది నేపాల్ సైన్యంలో చేరారు, ఎక్కువమంది డబ్బు తీసుకుని ఇళ్లకు పోయారు. రాజు పోయాడు, గణతంత్రం వచ్చింది. కాని యుద్ధంలో మాయమైన మనుషుల కుటుంబాలకు నిజం చెప్పాల్సిన కమిషన్లు మాత్రం ఏళ్ల తరబడి ఈడుస్తూనే ఉన్నాయి. నాయకులకు పనికొచ్చే నిబంధనలు అమలయ్యాయి, నాయకులను ఇబ్బంది పెట్టేవి ఆగిపోయాయి. ఏ దేశంలోనైనా ఒప్పందం అమలు తీరు చూడాలంటే ఇక్కడే చూడాలి.

మన దగ్గర ఒప్పందమే లేదు కదా, అమలు ఏమిటని మీ సలహాదారులు అనవచ్చు. ఇక్కడే కృష్ణా జిల్లా మనిషి ఒకరు కథలోకి వస్తారు.

చర్చల్లో రెండో పెద్ద అంశం భూమి. ప్రభుత్వ భూములు, మిగులు భూములు, అన్యాక్రాంతమైన అసైన్డ్ భూములు ఎన్ని ఉన్నాయో తేల్చి పేదలకు పంచాలన్నది డిమాండ్. ఆ వేడి చల్లారకముందే, 2004 డిసెంబరు 1న, రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఒక భూ కమిటీ వేసింది. అధ్యక్షుడు తిరువూరు ఎమ్మెల్యే, అప్పటి మంత్రి కోనేరు రంగారావు. ఒకప్పుడు ఉప ముఖ్యమంత్రిగా చేసిన దళిత నాయకుడు. స్వతంత్ర కమిషన్ కావాలని అడిగితే మంత్రిగారి కమిటీ వేస్తారా అని మావోయిస్టులు పెదవి విరిచారు. చర్చలు కూలాక ఈ కమిటీ కూడా కూలుతుందనే అంతా అనుకున్నారు. కూలలేదు. 2006లో 104 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది.

ఆ నివేదికలో విప్లవ నినాదాలేమీ లేవు. డెల్టాలో ఏ రైతుకూలీని అడిగినా చెప్పే విషయాలే ప్రభుత్వ భాషలో ఉన్నాయి. అసైన్డ్ భూమి చేతులు మారితే తిరిగి తీసుకుని అసలు పేదకే ఇవ్వాలి, అతను లేకపోతే మరో పేదకు ఇవ్వాలి. 1/70 చట్టం ఉన్న ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి పోయిన భూమి తిరిగి గిరిజనులకు రావాలి. సాగు చేసే కౌలుదారుకు గుర్తింపు ఉండాలి. ఇనాం, భూదాన, సీలింగ్ భూముల లెక్క తేలాలి. పేదవాడికి భూమి కేసు నడుపుకోవడానికి సర్కారే మనిషి సాయం ఇవ్వాలి. ఈ చివరి మాటకు నిజంగానే కొంత రూపం వచ్చింది. ఇందిర క్రాంతి పథం కింద ఊరి యువకులకు చట్టం నేర్పి పారాలీగల్స్‌గా పెట్టారు. రెవెన్యూ ఆఫీసు గడప తొక్కడానికి భయపడే మనిషి చేయి పట్టుకుని వారు ఫైలు వెంట తిరిగారు. ఉమ్మడి రాష్ట్రంలో శాంతి చర్చల ఫలం ఏదైనా పేదవాడి చేతికి అందిందంటే అదొక్కటే అనిపిస్తుంది. ఆ తర్వాత దాన్నీ వదిలేశారు.

మిగతా సిఫార్సుల కోసం వామపక్షాలు 2007లో రాష్ట్రమంతా భూపోరాటం చేయాల్సి వచ్చింది. ఆ జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ప్రభుత్వం తానే వేసిన కమిటీ, తన మంత్రే ఇచ్చిన నివేదిక, దాన్ని అమలు చేయమన్నందుకు ఏడు ప్రాణాలు! చనిపోయినవారు నక్సలైట్లు కారు. తుపాకీ మాట ఎత్తనివారికీ తుపాకీయే జవాబైతే, దాన్ని పట్టినవారితో ప్రభుత్వం ఏ ముఖంతో వాదిస్తుంది?

ఆ నివేదిక పాతదైపోయిందని, రాష్ట్రమే మారిపోయిందని అనుకునేవారు ఏదైనా సోమవారం విజయవాడ కలెక్టరేట్‌కు వెళ్లి ఓ గంట నిలబడాలి. ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరిగే రోజు. నందిగామ వైపు నుంచి, మైలవరం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవారు ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు పెట్టుకుని కూర్చుంటారు. మడతలు చిరిగిన డి-పట్టా, దానికి నాలుగైదు జిరాక్సులు, పాత అడంగల్, పాసుబుక్కు, కిందటిసారి ఇచ్చిన అర్జీ రసీదు. వారి నోట వచ్చే మాటలు బయటివారికి అర్థం కావు. ‘ట్వంటీటూ-ఏలో పడేశారయ్యా’. ‘రీసర్వేలో ఎల్పీ నంబరు పక్కోడితో కలిపేశారు’. ‘చుక్కల భూమి అన్నారు, ఇప్పుడు కాదంటున్నారు’. నాన్న పేరున ఉన్న భూమి ఆన్‌లైన్‌లో ఎవరి పేరునో కనపడుతుంటే ఆ మనిషి ముఖంలో కోపం కన్నా అయోమయం ఎక్కువ. తాసీల్దారు ఆర్డీవో దగ్గరికి పొమ్మంటాడు, ఆర్డీవో సర్వేయరును కలవమంటాడు. ఫోన్‌కు మాత్రం ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని మెసేజ్ వస్తుంది. మంజీరా గేటు దగ్గరి అర్జీలకూ వీటికీ మధ్య ఇరవై ఏళ్లు గడిచాయి. కాగితాల్లోని సంగతులు పెద్దగా మారలేదు.

అసైన్డ్ భూమి చరిత్ర ఒక్కటి చూసినా చాలు. పేదకు ఇచ్చిన భూమిని ఎవరూ కొనకూడదని 1977లో చట్టం చేసుకున్నాం. అయినా కొన్నారు. కోనేరు కమిటీ తిరిగి ఇప్పించమంది. 2015లో రాజధానికి భూసమీకరణ జరిగినప్పుడు జిరాయితీ భూమి ఇచ్చినవారికి ఒక లెక్కన, అసైన్డ్ భూమి ఇచ్చినవారికి అంతకన్నా తక్కువ లెక్కన ప్లాట్లు పెట్టారు. భూమి ఒకటే, పంట ఒకటే, కృష్ణ నీరూ ఒకటే. 2023లో ఇంకో ప్రభుత్వం వచ్చి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కులు ఇచ్చి అమ్ముకోవచ్చంది. ఎక్కడెక్కడ ఎవరు ముందే కొని పెట్టుకున్నారో తేల్చాలని మీ ప్రభుత్వం వచ్చాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపింది. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో ఫైళ్లు తగలబడ్డాయి. ఇందులో ఏ ప్రభుత్వం తప్పు ఎంతన్నది ఎన్నికల సభలకు వదిలేద్దాం. కాని పట్టా అందుకున్న మాల, మాదిగ, యానాది కుటుంబం ఈ యాభై ఏళ్లలో ఏ ఒక్కరోజూ ఈ భూమి మాదే అని నిశ్చింతగా పడుకోలేదు.

ఇప్పుడు అసలు మాట. 2004లో బల్లకు అటువైపు ఒక పక్షం ఉంది. మంచో చెడో, ఇచ్చిన మాట ఏమైందని గట్టిగా అడిగేవారు ఉన్నారు. ఈసారి ఆ పక్షమే కరిగిపోతోంది. 2025 మే 21న నంబాల కేశవరావు నారాయణపూర్ అడవిలో చనిపోయారు. ఆయన శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేట మనిషి, ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి. శవాన్ని తెచ్చుకోవడానికి కుటుంబం కోర్టుకెక్కింది, చివరికి అక్కడే దహనం చేశారు. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ 60 మందితో గడ్చిరోలిలో, తక్కెళ్లపల్లి వాసుదేవరావు రెండు వందల మందికి పైగా సహచరులతో జగదల్‌పూర్‌లో ఆయుధాలు అప్పగించారు. అంతకుముందు ఆ వేసవిలో శాంతి చర్చలు జరపాలని ప్రొఫెసర్ హరగోపాల్ వంటివారు కమిటీగా ఏర్పడి అడిగితే, పొరుగు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 2004 అనుభవం కోసం జానారెడ్డి ఇంటికి వెళ్లారు. కేంద్రం మాత్రం చర్చలు లేవంది. కాబట్టి ఈసారి సంతకాలు ఉండవు, మధ్యవర్తులూ ఉండరు. ఉండేది ఒక్కటే, ప్రభుత్వం తనంతట తాను ఇచ్చిన మాట. అడిగే పక్షం లేనప్పుడు మాట తప్పడం చాలా సులువు. అందుకే గెలిచినవారి బాధ్యత ఎక్కువవుతుంది.

మాట నిలబెట్టుకున్న ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1986 జూన్ 30న కేంద్రం మిజో నేషనల్ ఫ్రంట్‌తో ఒప్పందం చేసుకుంది. ఇరవై ఏళ్లు తుపాకీ పట్టిన లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 20న మిజోరం రాష్ట్రమైంది. మిజోల భూమి, ఆచారాల మీద వారి శాసనసభ ఒప్పుకోనిదే పార్లమెంటు చట్టం చెల్లదని రాజ్యాంగంలోనే 371-జిగా రాశారు. మాటను జీవోలో కాక రాజ్యాంగంలో పెట్టారు, నిలిచింది. పక్కనే నాగాలతో 2015 ఆగస్టు 3న చేసుకున్న ఫ్రేమ్‌వర్క్ ఒప్పందం ఫోటోల్లో ఘనంగా ఉంది, పదేళ్లు దాటినా తుది రూపం రాలేదు.

కొలంబియా ఇంకో పాఠం. 2016 నవంబరులో ఫార్క్ గెరిల్లాలతో ఒప్పందం చేసుకున్నప్పుడు అందులో ఎన్ని హామీలు ఉన్నాయో ఒక విశ్వవిద్యాలయ సంస్థ లెక్క కట్టింది. 578. ఏది మొదలైంది, ఏది సగంలో ఉంది, ఏది ముట్టుకోలేదు అని అదే సంస్థ క్రమం తప్పకుండా ప్రకటిస్తూ వచ్చింది. ఆయుధాల అప్పగింత చకచకా అయింది, పల్లెల్లో భూమి పని నత్తనడక నడిచింది. ఆయుధాలు దించిన మాజీ గెరిల్లాలు నాలుగు వందల మందికి పైగా హత్యకు గురయ్యారు. ఈ చేదు సంగతులన్నీ బయటికి తెలిశాయంటే, తెలిసే ఏర్పాటు ఒప్పందంలోనే పెట్టుకున్నారు కనుక. మన 104 సిఫార్సుల్లో ఏది ఎక్కడ ఉందో చెప్పే కాగితం మీ సచివాలయంలో ఎవరి టేబుల్ మీదైనా ఉందా?

లొంగిపోయినవారి సంగతి కూడా ఇంతే. తల మీద ప్రకటించిన రివార్డు సొమ్మును వారికే ఇవ్వడం మన రాష్ట్రంలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, మంచిదే. చెక్కు అందిస్తున్న ఫోటో పేపర్లో పడుతుంది. ఆ తర్వాత? పాత కేసులు ఏ కోర్టులో పిలుస్తారో తెలియదు. ఇంటి స్థలం ఏ మండలంలో ఇస్తారో తెలియదు. సొంత ఊరికి వెళితే ఒకప్పటి బాధితుల కుటుంబాలుంటాయి, వెళ్లకపోతే కూలిపనికి తెలియని పట్నం ఉంటుంది. చుట్టాలు రానివ్వాలా వద్దా అని ఆలోచిస్తారు. ఇవన్నీ పోలీసులకు వదిలేయడం పోలీసులకే మంచిది కాదు. ఇన్ఫార్మర్ అన్న ముద్ర లొంగినవాడికి ప్రాణాంతకం. అతని పునరావాసం రెవెన్యూ, సంక్షేమ శాఖల చేతిలో ఉండాలి, పోలీసు స్టేషన్ చుట్టూ తిరగనక్కర్లేకుండా. మావోయిస్టుల చేతిలో చనిపోయిన హోంగార్డు, సర్పంచి, ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో ప్రాణం పోగొట్టుకున్న గిరిజనుడి కుటుంబానికి ఇచ్చిన ఉద్యోగం, భూమి హామీలు కూడా ఆ చిట్టాలోనే పక్కపక్కన ఉండాలి. రెండు వైపులా ఏడ్చినవారు ఒకే మండలంలో బతుకుతున్నారు.

ఇక ఏజెన్సీ ప్రాంతం. హిడ్మా చనిపోయిన మారేడుమిల్లి చుట్టూ కోయలు, కొండరెడ్లు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం తిరస్కరించిన దరఖాస్తులకు కారణం చెప్పాలి. ఎందరికి చెప్పారు? పోలవరం కోసం ఊళ్లు వదిలిన గిరిజనులకు భూమికి భూమి అన్నారు. ఎక్కడ, ఎంత, సాగుకు పనికొచ్చేదేనా? గోదావరి నీళ్లు పట్టిసీమ నుంచి పోలవరం కుడి కాలువ మీదుగా ప్రకాశం బ్యారేజీకి వచ్చి డెల్టాలో నారుమళ్లు తడుపుతున్నాయి. కృష్ణా రైతు ఆ నీటికి సంతోషించడంలో తప్పు లేదు. కాని ఆ ప్రాజెక్టు కోసం ఖాళీ అయిన ఊళ్ల పట్ల ఈ డెల్టాకూ కొంత బాకీ ఉంది.

చంద్రబాబు గారూ, డ్యాష్‌బోర్డు అంటే మీకు ఇష్టమని అందరికీ తెలుసు. ఏ శాఖలో ఏ ఫైలు ఎన్ని రోజులుగా కదల్లేదో తెరమీద చూసి కలెక్టర్లను నిలదీసే అలవాటు మీది. ఆ తెరమీద ఇంకో వరుస చేర్చమని ఈ లేఖ అడుగుతోంది. కోనేరు రంగారావు కమిటీ 104 సిఫార్సులు, ఆంధ్రప్రదేశ్‌కు వర్తించేవి ఎన్ని, అమలైనవి ఏవి, చట్ట సవరణ కావాల్సినవి ఏవి, వద్దనుకున్నవి ఏవి, ఎందుకు వద్దనుకున్నారు. చివరిది కూడా ముఖ్యమే. వద్దని చెప్పే హక్కు ప్రభుత్వానికి ఉంది, ఏళ్ల తరబడి ఏమీ చెప్పకుండా ఉండే హక్కు లేదు. దాని పక్కనే లొంగిపోయినవారికి, బాధిత కుటుంబాలకు ఇచ్చిన హామీల పట్టిక పెట్టండి. మనుషుల పేర్లు వద్దు, వారి ప్రాణానికి ముప్పు. హామీ, తేదీ, బాధ్యుడైన అధికారి హోదా చాలు. ఆ పారాలీగల్ ఏర్పాటును మళ్లీ బతికించండి. పెద్ద ఖర్చు కాదు, సోమవారం క్యూలో సగం తగ్గుతుంది. వీటిమీద ఏడాదికోసారి నివేదిక ఇచ్చే పని ప్రభుత్వం బయటి మనిషికి, మాజీ న్యాయమూర్తికో శంకరన్ వంటి రిటైర్డు అధికారికో అప్పగించండి.

అలిపిరి తర్వాత మీరు చర్చలకు విముఖులైతే ఎవరూ తప్పుపట్టలేరు. ఇప్పుడు అడుగుతున్నది చర్చలు కాదు. 2004లో ఒక ప్రభుత్వం మొదలుపెట్టి, తర్వాతి ప్రభుత్వాలన్నీ పక్కన పెట్టిన పనికి లెక్క అడుగుతున్నాం. ఆ లెక్కలో మీ పార్టీది, కాంగ్రెస్‌ది, వైసీపీది అందరి పద్దులూ ఉంటాయి.

వచ్చే శాసనసభ సమావేశాల్లో ఆ 104 సిఫార్సుల మీద ఒక శ్వేతపత్రం సభ ముందు పెట్టండి. దాన్ని తెలుగులో పెట్టండి. అది సభలో పెట్టిన రోజే ప్రతి తాసీల్దారు ఆఫీసు నోటీసు బోర్డు మీదా అంటించమని ఉత్తర్వు ఇవ్వండి.